హాలెండ్ మొక్క దాహం

ఈశ్వరమ్మది పాలమూరు జిల్లా. నీళ్ల విలువ ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. అందుకే హైటెక్ సిటీలోని ఆ ఏడో అంతస్తు ఆఫీసులో మొక్కలు చూసుకునే పనిలో చేరిన రోజు, "వీటికి నెలకోసారి నీళ్లు పోస్తే చాలమ్మా" అని పట్టాభిరామయ్య అంటే లోపల్లోపలే నవ్వుకుంది. ఆయన కడప నుంచి వచ్చి మియాపూర్‌లో షెడ్డు వేసుకున్న వ్యాపారి. హాలెండ్ నుంచి మొక్కలు విమానంలో తెప్పించి కంపెనీలకు ఇస్తాడు, వాటిని చూసుకునే మనుషుల్నీ తనే పెడతాడు. పెద్దమనిషే గానీ, గొంతెండడమంటే ఏమిటో మరిచిపోయాడులే అనుకుంది.

రోజూ పొద్దున్నే, ఎవరూ రాకముందే, నలభై కుండీలకూ కడుపునిండా నీళ్లు పోసేది. నూనె రాసినట్టు మెరిసే ఆకులు వాటివి. రెండు నెలలు తిరక్కుండానే ఒక్కొక్కటీ పసుపు తిరిగి, మొదలు మెత్తబడి, పక్కకు ఒరగసాగింది. పాపం ఇంకా దాహం తీరలేదేమోనని ఆ మహాతల్లి మరికాసిన్ని పోసేది. పన్నెండు పోయాయి.

"హాలెండ్ వాళ్లు రోగం సరుకు అంటగట్టారమ్మా," అన్నాడు పట్టాభిరామయ్య దిగులుగా. "ఇంకొక్కటి పోయినా అన్నీ తీసుకుపొమ్మంటున్నారు ఇక్కడివాళ్లు. అప్పుడు నీకూ పనుండదు."

అంతలో సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి. కంపెనీ వాళ్లు ఆ అంతస్తుకు తాళం వేసి, ఇళ్ల నుంచే పని చేసుకోమన్నారు. ఈశ్వరమ్మ తానుండే గోపన్‌పల్లి ఆడవాళ్లతో కలిసి నడిరోడ్డు మీద వంటావార్పు చేసింది, బతుకమ్మ ఆడింది, తెలంగాణ వచ్చేదాకా కదిలేది లేదని గొంతు పోయేలా నినదించింది. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుంటే మాత్రం మొక్కలు గుర్తొచ్చి ముద్ద దిగేది కాదు. అవి చస్తాయి, తన పనీ పోతుంది. అయినా సమ్మె విడవలేదు.

తాళం పడిన ముప్పై ఆరో రోజున, సమ్మె ముగిశాక, ఆ అంతస్తు తలుపు తీశారు. కళ్లు సగం మూసుకునే లోపలికి వెళ్లింది.

ఇరవై ఎనిమిదీ నిటారుగా ఉన్నాయి. ఆకుల మీద దుమ్ము పేరుకుంది, అంతే. తుడిస్తే అదే మెరుపు. కిటికీ పక్క కుండీలో వేలెడు కొత్త మొలక, లేతాకుపచ్చగా, మట్టిని చీల్చుకుని నిలబడి ఉంది. మన్ను చూస్తే పొడి పొడి. ఈశ్వరమ్మ మోకాళ్ల మీద కూర్చుని, వేళ్లతో మొదలు దగ్గర తవ్వింది. చేతికి ఆలుగడ్డంత దుంప తగిలింది. గోటితో గీస్తే తడి. ఎన్నాళ్లకు సరిపడా దాచుకుందో, నీళ్లన్నీ తన కడుపులోనే ఉన్నాయి. దేవుడి ముందు నిలబడ్డా ఆమెకు ఎన్నడూ అంత భయభక్తులు కలగలేదు. సముద్రాలు దాటి వచ్చిన ఈ జీవి ఎవరినీ ఏమీ అడగలేదు. నెలకోసారి చాలని చెప్పినా తనే వినలేదు.

చచ్చినవి మోసుకుపోదామని మధ్యాహ్నానికి ఆటోట్రాలీ వెంటబెట్టుకుని వచ్చాడు పట్టాభిరామయ్య. గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏం మందేశావమ్మా?"

ఏదో ఒక మందు పేరు చెబితే సరిపోయేది. తప్పు హాలెండ్ మీదే ఉండిపోయేది, తన పని తనకుండేది.

"మందు లేదు ఏం లేదు సార్. నేను రాలే, గందుకే బతికినయ్," అంది. "ఆ పన్నెండింటిని నేనే సంపిన. దినాం నీళ్లు పోసిన."

"నెలకోసారని చెప్పాను కదమ్మా."

"చెప్పిన్రు. నమ్మలే. నీళ్లు లేకుంట బతికేది నేనేడ జూడలే సార్."

పట్టాభిరామయ్య మొహం ఎర్రబడింది. తిట్టడానికే నోరు తెరిచాడు. ఆమె అరచేతికంటిన మట్టినీ, కుండీలో బయటపడ్డ ఆ దుంపనీ చూసేసరికి ఆ కోపం దిగింది. తనూ వంగి మొలకను తాకాడు.

"నీళ్లు లేకుండా బతికేదాన్ని మా కడపలోనూ నేనెక్కడా చూడలేదమ్మా," అన్నాడు. "రేపట్నుంచి నార్సింగి ఆఫీసు మొక్కలు కూడా నువ్వే చూడు. అక్కడా ఎవరో రోజూ పోస్తున్నట్టున్నారు."

నెలకోసారి పోయాల్సిన నీళ్లు ఆ సాయంత్రమే పోసేసి, మర్నాడు ఈశ్వరమ్మ వట్టి చేతులతో కుండీల మధ్య తిరిగింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె చేసిన పనులన్నింటిలోకీ, నీళ్లు పోయకుండా నిలబడడమే కష్టమైంది.