సమ్మె, దెబ్బ

సంతోషి కోదాడలో హాస్టల్లో ఉండి కానిస్టేబుల్ పరీక్షకు కోచింగ్ తీసుకుంటోంది. ఆ శనివారం ఇంగ్లిషు సారు బోర్డు మీద ‘స్ట్రైక్’ అని రాసి, నామవాచకంగా దానికి అర్థాలు చెప్పమన్నాడు.

సంతోషి లేచింది. "సమ్మె సార్. పని బంద్ పెట్టుడు."

"అదొక్కటే కాదమ్మా. దెబ్బ కూడా స్ట్రైకే, దాడి కూడా స్ట్రైకే. సమ్మె అయితే వాకౌట్ అని రాయొచ్చు. దెబ్బ అయితే బ్లో, హిట్. దాడి అయితే ఎటాక్. వాక్యం చూసి ఏదో తేల్చుకోవాలి."

సంతోషి రాసుకుంది కానీ మనసు అక్కడ లేదు. ఆమె తండ్రి ప్రభుదాస్ మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లులో హమాలీ, అక్కడి హమాలీలకు పెద్ద. ఆ వారం మొదట్లోనే అక్కడ వడ్లు పైకెక్కించే ఎలివేటర్ బెల్టు చంద్రయ్య అనే హమాలీ చేతిని లాక్కుంది. మోటారు ఆపేసరికి మోచేతి కింద ఏమీ మిగల్లేదు. బెల్టుకు ఇనప జాలీ పెట్టించమని హమాలీలు ఎన్నాళ్లుగానో అడుగుతున్నా, మిల్లు యజమాని గిరిధర్ చెవిన పెట్టలేదు. చంద్రయ్యను సూర్యాపేట పెద్దదవాఖానకు పంపి, నెత్తురు కడిగించి, ఆ సాయంత్రమే మిల్లు నడపబోయాడు. అప్పుడు హమాలీలంతా పని మానేసి గేటు ముందు కూర్చున్నారు.

ఆదివారం సంతోషి బస్సెక్కి వచ్చి, తండ్రికి సద్ది పట్టుకుని మిల్లు దగ్గరికి పోయింది. ప్రభుదాస్ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటుండగా ఒక డీసీఎం వ్యాన్ వచ్చి గేటు ముందు ఆగింది. వెనక డోరు తీసి పదిమందికి పైగా దూకారు. అందరి చేతుల్లోనూ కర్రలున్నాయి.

ప్రభుదాస్ లేచి రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "జర ఆగుండ్రి. కూసొని మాట్లాడుకుందం."

మొదటి దెబ్బ ఆ చేతుల మీదే పడింది. రెండోది మోకాలి మీద. ఎముక విరిగిన చప్పుడు సంతోషికి వినిపించింది. ఆయన కింద పడ్డాక కూడా ఎర్ర బనియన్ వేసుకున్న ఒకడు వదల్లేదు. వీపు మీద, నడుం మీద, తల పక్కన కొడుతూనే ఉన్నాడు. ప్రభుదాస్ నోట్లోంచి నెత్తురు, మింగని అన్నం మెతుకులు కలిసి మట్టిలో పడ్డాయి.

గోడకు వడ్లు ఎగదోసే పార ఆనించి ఉంది. సంతోషి దాన్ని రెండు చేతులతో పట్టుకుని వాడి ముఖం మీద కొట్టింది. దవడ పక్కకు జరిగిపోయింది. వాడు పళ్లు ఉమ్ముకుంటూ మోకాళ్ల మీద కూలబడ్డాడు. ఆమె పార మళ్లీ ఎత్తింది. చంద్రయ్య భార్య లచ్చమ్మ వెనకనుంచి ఆమె చేతులు పట్టేసుకుంది.

"ఇగ చాలు బిడ్డా. సచ్చిపోతడు."

చావనీ అనుకుంది సంతోషి. ఆ తర్వాత పార కింద పడేసింది.

వచ్చినవాళ్లు వ్యానెక్కి పారిపోయారు, పడినవాణ్ణి వదిలేసి. ప్రభుదాస్‌ను, వాణ్ణి ఒకే ఆటోలో సూర్యాపేటకు చేర్చారు. పోలీసులు రెండు వైపులా కేసులు పెట్టారు. ఒక కేసులో సంతోషి పేరుంది.

మర్నాడు గిరిధర్ దవాఖానకు వచ్చి, ప్రభుదాస్ మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"నీ బిడ్డ పోలీసు పరీక్ష రాస్తదంట కద. కేసుంటే నౌకరి రాదు. మీరు పనికి రండ్రి, నేను కేసు వాపస్ తీయిస్త. అందరికీ మంచిగుంటది."

గిరిధర్ వెళ్లాక ప్రభుదాస్ బిడ్డ వైపు తిరిగాడు. "వస్తమని చెప్త బిడ్డా. జాలీ సంగతి మెల్లగ సూసుకుందం."

"చంద్రయ్య మామ చెయ్యి?"

"అది ఎట్లయినా రాదు. నీ నౌకరన్న రానీ."

పక్క మంచం మీద చంద్రయ్య గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నిద్రపోవడం లేదని ఇద్దరికీ తెలుసు.

"సమ్మె అందరిది నాయనా," అంది సంతోషి. "దెబ్బ నాది. నా దెబ్బ కేసు కోసం అందరి సమ్మెను అమ్ముకోకు. నేను కొట్టిన్నని నేనే చెప్త."

ప్రభుదాస్ కట్టు లేని చేత్తో ఆమె మణికట్టు పట్టుకుని తలూపాడు.

వార్డు చివర ఎర్ర బనియన్ మనిషి ఉన్నాడు. దవడకు తీగలు కట్టారు. భార్య పార్వతి సన్నని గొట్టంతో జావ పోస్తోంది. సంతోషి ఆ మంచం దగ్గరికి వెళ్లి నిలబడింది.

"కొట్టింది నువ్వేనా?" అంది పార్వతి.

"నేనే. మా నాయనను సంపుతుండె."

పార్వతి గిన్నె కింద పెట్టింది. "మాది మఠంపల్లి. బస్తాలెత్తే పనని గిరిధర్ సేటు మనుషులు తోలుకుపోయారు. వ్యానెక్కాక కర్రలిచ్చారంట. ఈయన కొట్టకుండా రావాల్సింది. కొట్టాడు." గిన్నె మళ్లీ అందుకుంటూ అంది, "నువ్వూ అంత కొట్టాల్సింది కాదు."



గొడవ హమాలీలే మొదలుపెట్టారని రాసిన కొత్త వాంగ్మూలంతో గిరిధర్ మనుషులు వచ్చినప్పుడు పార్వతి భర్తను వేలిముద్ర వేయనివ్వలేదు. కర్రలు ఎవరిచ్చారో పోలీసులకు తానే చెప్పింది. గిరిధర్ పేరు కూడా కేసులోకి ఎక్కింది. హమాలీలు పట్టు వదల్లేదు. నెల దాటాక బెల్టుకు జాలీ బిగించాకే మిల్లు మోటారు తిరిగింది. ప్రభుదాస్ మాత్రం మళ్లీ బస్తా ఎత్తలేకపోయాడు. సంతోషి పరీక్ష పాసయింది. కేసు తేలేదాకా ఉద్యోగం లేదన్నారు.

మిర్యాలగూడ కోర్టులో వాయిదా రోజున వరండాలో బెంచీ ఒకటే ఉంది. పార్వతి భర్త దాని మీద కూర్చుని ఉన్నాడు. దవడ వంకరగానే అతుక్కుంది. సంతోషి నిలబడి ఉండటం చూసి, అతను తల ఎత్తకుండానే కొంచెం పక్కకు జరిగాడు. ఆమె కూర్చుంది. పేర్లు పిలిచేదాకా ఇద్దరూ ఆ బెంచీ మీదే ఉన్నారు.