పన్నెండు చూపించిన ఉదయం

నేను ఒక ఊపిరి మిషన్‌ని. డ్రైవర్లు బండెక్కే ముందు డిపో గేటు దగ్గర నోటి ముందు పెట్టి ఊదమంటారే, ఆ నల్ల డబ్బాని. ఊపిరిలో మందు ఉంటే నా అద్దం మీద అంకె పడుతుంది, లేకపోతే సున్నా. బీడీ, చుట్ట, జరదా ఎంత ఘాటుగా వచ్చినా నేను పలకను. దేన్ని పట్టుకోమని నన్ను తయారుచేశారో దాన్నే పట్టుకుంటాను.

హైదరాబాదు శివార్లలో ఒక రేకుల షెడ్డులో నస్రీన్ అనే అమ్మాయి నన్ను బిగించింది. మొదటి ఊపిరి ఆమెదే, లవంగం వాసన. సున్నా చూసి అట్టపెట్టెలో పెట్టింది. ఆ పెట్టె కొండల అంచున ఉన్న ఒక చిన్న బస్సు డిపోలో తెరుచుకుంది. అప్పటినుంచి నేను గేటు కాపలాదారు గౌరునాయుడి మెడలో వేలాడాను. మంచివాడే కానీ కుదురు లేని మనిషి. ఎవరికి అంకె పడుతుందోనని నన్ను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మారుస్తూనే ఉండేవాడు.

అక్కడ నాకు బాగా తెలిసిన ఊపిర్లు రెండు. ఒకటి త్రినాథరావుది, రెండోది దాలయ్యది. ఇద్దరూ ఒకే ఏడు చేరిన డ్రైవర్లు, 'మావా' అని పిలుచుకునేవాళ్ళు. త్రినాథరావు రోజుకు రెండు పెట్టెల సిగరెట్లు కాల్చేవాడు. అతను ఊదుతుంటే నాకు పొయ్యి ముందు కూర్చున్నట్టుండేది. అయినా సున్నాయే.

అతనికి దగ్గు ముదిరి, ఎక్సరేలో మచ్చ కనబడింది. డిపో అంతా కదిలిపోయింది. మేనేజరు సెలవు కాగితం మీద స్వయంగా 'అనారోగ్యం' అని రాసి సంతకం పెట్టాడు. క్యాంటీను అతను సిగరెట్లు అమ్మనన్నాడు. కండక్టర్లు సోంపు పొట్లాలు తెచ్చి జేబులో కుక్కేవారు. మధ్యలో రెండుసార్లు చాటుగా కాల్చి పట్టుబడితే నవ్వి ఊరుకున్నారు. ఇరవై ఏళ్ళ అలవాటు ఒక్క రోజులో పోతుందా అన్నారు. మానేసిన ఏడాదికి మచ్చ పెరగలేదని తేలితే, యూనియన్ సభలో శాలువా కప్పారు. నాకూ సంతోషం వేసింది.

దాలయ్య సంగతి వేరేగా నడిచింది. మొదట్లో అతనికి మందు పోసింది ఈ డిపోవాళ్ళే. ఎవరైనా రిటైరైతే, ఎవరింట్లోనైనా పెళ్ళి జరిగితే, గ్లాసు పట్టనివాణ్ణి నువ్వు మగాడివేనా అని ఆటపట్టించారు. సిగరెట్ వెలిగిస్తే బయటికి పొమ్మనే ఇళ్ళలోనే సీసా చుట్టూ చాపలు పరిచారు. కొన్నేళ్ళకు దాలయ్య చెయ్యి పొద్దున్నే వణకడం మొదలైంది. అప్పుడు చాపలు చుట్టేశారు. తాగుబోతు అన్న మాట అతని పేరు ముందు అతుక్కుపోయింది. త్రినాథరావును ఎవరూ ఏ రోజూ పొగబోతు అనలేదు.

ఒక వేసవి ఉదయం దాలయ్య వంతు వచ్చేసరికి త్రినాథరావు ముందుకొచ్చి అతని బదులు ఊదాడు. గౌరునాయుడు కొండవైపు చూస్తూ నిలబడ్డాడు. నా అద్దం మీద సున్నా పడింది, పుస్తకంలో దాలయ్య పేరు ఎక్కింది. ఆ తరవాత అలా ఎన్ని ఉదయాలో. నాకు కాళ్ళుంటే ఆ బస్సుకు అడ్డంగా పడుకునేదాన్ని. యాభై మందిని ఎక్కించుకుని బస్సు ఘాట్ రోడ్డు మీదికి వెళ్ళేది. అది మళ్ళీ గేటులోకి వచ్చేదాకా గౌరునాయుడికీ నాకూ ప్రాణం కుదుటపడేది కాదు.

శ్రావణంలో ఒక రోజు ఆ బస్సు మలుపులో పిట్టగోడను రాసుకుని ఆగింది. అద్దాలు పగిలాయి, ఒక ముసలమ్మకు మోచెయ్యి చీరుకుపోయింది. గోడ అవతల లోయ. మరో డ్రైవరు బస్సును వెనక్కి తెచ్చాడు. దాలయ్య ప్రయాణికుల సీట్లో కూర్చుని వచ్చి, దిగి, నేరుగా గౌరునాయుడి ముందు నిలబడ్డాడు.

"ఈపాలి నానే ఊదుతానన్నా."

ఊదాడు. అరవై నాలుగు.

నన్ను మేనేజరు బల్ల మీద పెట్టారు. ఆయన కాగితం తీసి 'మద్యం సేవించి విధులకు హాజరు' అని రాస్తుంటే దాలయ్య చేతులు జోడించాడు.

"తప్పు సేసినాను బాబూ, శిచ్చ ఎయ్యండి. కానీ మా త్రినాథ్‌కి రాసినట్టు రోగమని కూడా ఓ ముక్క రాయండి. మానీడం నా ఒక్కడి వల్ల అవట్లేదు."

ఆ కాగితంలో రోగానికి గడి లేదన్నాడు మేనేజరు. అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడ్డ త్రినాథరావు లోపలికి వచ్చి, ఇన్నాళ్ళూ ఊదింది తానేనని చెప్పేశాడు.

"నాకు దగ్గొస్తే అందరూ ఆస్పత్రికి మోసినారు సార్. ఈడికి సెయ్యొణికితే నాను దాసినాను. అదే సాయమనుకున్నాను."

త్రినాథరావుకూ గౌరునాయుడికీ మెమోలు వచ్చాయి. దాలయ్యను సస్పెండ్ చేశారు. అతను పెద్దాస్పత్రిలో మందు మాన్పించే వార్డులో చేరాడు. భార్య పారమ్మ వీధిలోవాళ్ళకు పచ్చకామెర్లని చెప్పిందట. కామెర్లంటే పలకరించడానికి వస్తారు, నిజం చెబితే గుమ్మం తొక్కరని ఆవిడ భయం. ఆస్పత్రికి ప్రతి ఆదివారం వెళ్ళింది త్రినాథరావు ఒక్కడే.

ఎనిమిది నెలలకు దాలయ్య తిరిగి వచ్చాడు. స్టీరింగ్ ఇవ్వలేదు, బస్సులు కడిగే పని ఇచ్చారు. ఆ పనికి నాతో అవసరం లేదు. అయినా రోజూ పొద్దున్నే డ్రైవర్ల వరసలో నిలబడి ఊదేవాడు. రోజూ సున్నాయే. ఏడాది గడిచింది. శాలువా మాట ఎవరికీ గుర్తు రాలేదు.

ఇక నా తప్పు చెబుతాను. నాకు వయసు మీరింది, మందును పసిగట్టే నా లోపలి బిళ్ళ తేమకు చెడింది. ముసురు పట్టిన ఒక ఉదయం దాలయ్య ఊదితే పన్నెండు చూపించాను. మళ్ళీ ఊదించారు. మళ్ళీ పన్నెండే. వెనక నుంచి ఎవరో, నాకెప్పుడో తెలుసు అన్నారు. గౌరునాయుడు తల తిప్పుకున్నాడు. దాలయ్య తనను తానే అనుమానిస్తున్నట్టు అరచేతులు రెండూ తిప్పి చూసుకున్నాడు. వణుకు లేదు. అయినా గేటు దాటి వెళ్ళిపోయాడు. నోరు లేనందుకు నేను అంతగా గింజుకున్న రోజు ఇంకొకటి లేదు.

తరవాతి వంతు త్రినాథరావుది. అతనికీ పన్నెండు పడింది.

మిషన్ పాడైందన్నారు అందరూ. అదే పన్నెండు దాలయ్యకు పడినప్పుడు, మనిషి పాడయ్యాడన్నారు.

త్రినాథరావు వానలో పరిగెత్తాడు. మందు దుకాణం ఇంకా తెరవలేదు. దాని మెట్ల మీద దాలయ్య కూర్చుని ఉన్నాడట. నాకూ పన్నెండే వచ్చింది మావా అని చెబితే చాలాసేపు నమ్మలేదట. ఇద్దరూ తడిసి తిరిగొచ్చాక గౌరునాయుడు నేల చూస్తూ, మిషన్‌దే తప్పన్నాడు.

"మిషన్‌కి నా మీద కోపమేటన్నా," అన్నాడు దాలయ్య. నీళ్ళ గొట్టం తీసుకుని బస్సుల వైపు వెళ్ళాడు.

ఇప్పుడు నేను స్టోరు గదిలో, పాత హారన్ల మధ్య, కిటికీ పక్క అరలో ఉన్నాను. కిటికీ అవతలే బస్సులు కడిగే చోటు. నిన్న సన్యాసి అనే కండక్టరు అక్కడికి వచ్చాడు. అటూ ఇటూ చూశాడు, వెళ్ళబోయి ఆగాడు. ఆ మందు మాన్పించే వార్డులో పేరు అడుగుతారా అని గొంతు తగ్గించి అడిగాడు.

దాలయ్య గొట్టం కట్టేశాడు.

"అడుగుతారు. సెప్పొచ్చు, ఏటీ అవదు. ఆదివారం నానూ వొస్తాను."

సన్యాసి భుజం మీది సంచి సర్దుకున్నాడు. వెళ్ళిపోయాడు. ఈ రోజు బుధవారం. ఆదివారం సన్యాసి వస్తాడో రాడోనని నాకు ఈ అరలో కుదురుగా ఉండబుద్ధి కావడం లేదు.