అందరి మిల్లు

మే నెల మిట్టమధ్యాహ్నం. హాలంతా తుడిచి షరీఫాబీ నడుము ఎత్తిందో లేదో, దినేష్ పిలిచాడు.

"అక్కా, ఆ ముసలామెను జర బయటికి పంపియ్యి. ఒక్కతీరుగ దగ్గుతున్నది. పని చేసుకునేటోళ్ళు పరేషాన్ అయితున్నరు."

గద్వాల స్టేషన్ రోడ్డులోని ఆ పాత పత్తి జిన్నింగు మిల్లు ఏళ్ళ తరబడి మూతబడి ఉండేది. హైదరాబాదు కంపెనీ ఒకటి దాన్ని తీసుకుని గోడలకు సున్నం వేయించింది. ఎవరైనా వచ్చి కూర్చుని పని చేసుకునేలా పుస్తకాలు, కంప్యూటర్ బల్లలు పెట్టి, చాయ్ కొట్టు తెరిచి, గేటు మీద ‘అందరి మిల్లు’ అని రాయించింది. దానికి దినేష్ మేనేజరు.

మూలన పంకా కింద కూర్చున్నది జంగమ్మ. ఒకప్పుడు ఇదే హాల్లో ఆమె, షరీఫాబీ పక్కపక్కన నిలబడి మిషన్లకు పత్తి అందించారు. దూది లేస్తుంటే కొంగు ముక్కుకు చుట్టుకునేవారు. మిల్లు మూసేనాటికి జంగమ్మకు ఆయాసం మిగిలింది. రేకుల ఇంట్లో ఊపిరాడక మధ్యాహ్నాలు ఇక్కడికి వస్తోంది.

"నువ్వు చెప్తే వింటది. లేకుంటే పైనోళ్ళు నిన్ను గూడ ఉంచరు," అన్నాడు దినేష్ గొంతు తగ్గించి.

కొడుకు మున్నా లారీ మీద నుంచి పడి మంచం పట్టినప్పటి నుంచి ఇల్లు షరీఫాబీ చీపురు మీదే నడుస్తోంది. ఆమె వెళ్ళి జంగమ్మ పక్కన కూర్చుంది.

"జంగమ్మా, ఇంటికి పో."

"ఎందుకే? గీడ సల్లగున్నది. అందరిదని రాసిండ్రంట గద?"

"రాసిండ్రు. నీ దగ్గు ఇనలేకపోతున్నరంట."

జంగమ్మ హాలంతా కలయజూసింది. "గీ మిల్లుల వచ్చిన దగ్గేనాయె. యాడికెల్లన్న తెచ్చుకున్ననా?"

"నా నౌకరి పోతదే," అంది షరీఫాబీ, ఆమె ముఖంలోకి చూడలేక.

జంగమ్మ గోడ పట్టుకుని లేచింది. షరీఫాబీ రెక్క పట్టి గేటు దాకా నడిపించింది. గేటు దాటగానే ఆయాసం కమ్మి, జంగమ్మ ఎర్రటి ఎండలో రోడ్డు పక్కన కూలబడింది. షరీఫాబీ నీళ్ళ సీసా అందిస్తే చేత్తో పక్కకు తోసేసింది.

"అక్కా, ఆమె కూసున్న కాడ ఫినాయిల్ పోసి తుడువు," లోపలి నుంచి దినేష్ కేకేశాడు.

షరీఫాబీ గేటు కమ్మీ పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

"తుడువ."

"ఏందక్కా?"

"నేను తుడువ సార్. నౌకరి పోతే పోనీ."

దినేష్ ఫోన్ తీసి పైవాళ్ళకు షరీఫాబీ మాట చెప్పి, తనే ఫినాయిల్ డబ్బా వంచాడు. ఘాటు వాసన గేటు దాకా వచ్చింది. బయట జంగమ్మకు మళ్ళీ దగ్గు మొదలైంది.