మోత మామయ్య చేతులు

ఒక తొట్టిలో వేడినీళ్ళు, ఇంకో తొట్టిలో చన్నీళ్ళు పోస్తూ మోత మామయ్య కాగితాల డాక్టరును తిట్టుకుంటున్నాడు. పొద్దున్నే పళ్ళు తోముకున్నట్టు ఇదీ ఒక పని అతనికి. పిల్లల వ్యాయామ గదిలో దులపడానికి నాలుగు చాపలు, ఉతకడానికి పన్నెండు తువ్వాళ్ళు, ఎత్తుకుని మోయడానికి నడవలేని పిల్లలూ ఉన్నారు. తిట్టడానికి మాత్రం ఆ ఒక్క మనిషే. ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టుకుని, "ఎముక అతుక్కుంది, ఇంక నొప్పెందుకుంటుంది? బడి ఎగ్గొట్టే వేషాలు" అని తొమ్మిదేళ్ళ పిల్ల మొహం మీదే అనేశాడట. ఆ మాట పట్టుకుని ఇంట్లోవాళ్ళు రెండు నెలలు పిల్లను కసిరారు. చదువుకున్నవాడికి కాగితం మీద కనపడనిది లోకంలోనే ఉండదు. అయిదో తరగతిలో పలక పక్కన పడేసిన మామయ్యకు ఆ పాదం చూడగానే తెలిసింది. ఉబ్బి, ఊదారంగుకు తిరిగి, ఫ్యాను గాలి తగిలినా నిప్పు పడ్డట్టు ముడుచుకుపోయే పాదం వేషాలు వెయ్యదు.

మోచేయి ముంచి వేడి చూశాడు. సరిగ్గా ఉంది. అతనికి ఉన్న గర్వాలు రెండే. ఒకటి ఆ మోచేయి, రెండోది మోత. పదమూడో ఏట నుంచి గోదాముల్లో బస్తాలు మోశాడు. బస్తాలు ఇక నావల్ల కాదని నడుము చెప్పాక ఈ గదిలో చేరాడు. భార్య పోయి ఏడేళ్ళయింది. అప్పటినుంచి ఇంట్లో అతను ఎత్తేది మంచినీళ్ళ బిందె ఒక్కటే. ఇక్కడ మాత్రం తెల్లారితే ఎవరో ఒకరు చేతులు చాచుకుని ఎదురుచూస్తుంటారు.

వాళ్ళందరిలో దొరసాని వేరు. ఆ తొమ్మిదేళ్ళ పిల్లకు అతను పెట్టిన పేరే అది. వాళ్ళమ్మ ఫ్యాక్టరీ షిఫ్టుకు పరుగెత్తుతూ గేటు దగ్గర అప్పగించి పోయేది. ఆ పిల్లను ఎత్తుకోవడం ఒక విద్య. ఎడమ తొడ కింద ముంజేయి, వీపు వెనక అరచెయ్యి. కుడికాలు గాలిలో వేలాడాలి, గౌను అంచు కూడా దానికి తగలకూడదు. అతని భుజం మీద గడ్డం ఆన్చి, "మెల్లిగా... ఎడమకి... అక్కడ తడిగా ఉంది, చూసుకో" అని ఏలుబడి సాగించేది. గుమ్మం ముందు దింపి చంకకర్రలు అందించేవాడు. వ్యాయామం మేడమ్ అడిగితే, గేటు దగ్గర నుంచి నడిచే వచ్చిందని చెప్పేవాడు. పిల్ల నోరు మెదిపేది కాదు. అది వాళ్ళిద్దరి ఒప్పందం.

నిన్న మేడమ్ పై అంతస్తు కిటికీలోంచి అంతా చూసింది.

ఇప్పుడు వచ్చి, తొట్టి పక్కకు ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది. "ఎన్నాళ్ళ నుంచి బాబాయ్?"

"అయిదు నెలలు మేడమ్."

"మీరు నడిచిందన్నారని నేను వ్యాయామం పెంచుకుంటూ పోయాను. పోయిన వారం కాలు ఎందుకు వాచిందనుకున్నారు? అంత దూరం నడక ఇంకా రాని పిల్ల చేత అంత పని చేయించాను."

తువ్వాలు పిండుతున్న చేతులు ఆగిపోయాయి. కాలు వాచిన రోజున కూడా అతను కాగితాల డాక్టరునే తిట్టాడు.

"నొప్పి చూడలేక మేడమ్."

"చూడలేకపోతే కళ్ళు మూసుకోండి. చేతులు మాత్రం చాచకండి. ఇలాగే సాగితే రేపు చక్రాల కుర్చీ కావాలంటుంది, ఎల్లుండి వాళ్ళమ్మ ఎలాగో కొని పెడుతుంది. అందులో కూర్చుందంటే ఆ కాలు మనకి దక్కదు." లేచి వెళ్తూ వెనక్కి తిరిగింది. "గేటు దగ్గరికి మీరే వెళ్ళండి. మీరు లేకపోతే అసలే రాదు."

గేటు దగ్గర అమ్మ సంచి సర్దుకుని వెళ్ళిపోయింది. దొరసాని చంకకర్రలు గోడకు ఆన్చి, ఒంటికాలి మీద నిలబడి, చేతులు పైకి చాచింది. అతను చేతులు వెనక్కి పెట్టుకుని, ఎడమ మణికట్టును కుడిచేత్తో పట్టుకున్నాడు.

"ఎత్తుకో."

"నడుం పట్టేసిందమ్మా."

"అబద్ధం. నిన్న చాపల కట్ట ఎత్తావ్."

"ఆ కట్ట వల్లే పట్టేసింది."

"మామయ్యా, నొప్పి."

"తెలుసు."

"తెలిస్తే ఎత్తుకో మరి! లేకపోతే నువ్వూ కాగితాల డాక్టరువే."

ఆ పేరు ఆ పిల్లకు నేర్పింది తనే. చెంప మీద కొట్టినట్టయింది. మేడమ్ చాలాసార్లు చెప్పిన సంగతిని తనకు అర్థమైన తీరులో చెప్పాడు.

"నీ నొప్పి నిజమే దొరసానీ. దెబ్బ మానిపోయింది గానీ నరానికి ఆ కబురు అందలేదు. కాపలా కుక్క ఉంటుంది చూడు, దొంగ పారిపోయినా మొరుగుతూనే ఉంటుంది. ఇంట్లోవాళ్ళని చూసినా మొరుగుతుంది. నువ్వు రోజూ దాని ముందు నుంచి నడిచావనుకో, ఓహో మన పిల్లే అని ఊరుకుంటుంది. మొరిగే కుక్క కరవదమ్మా."

"నాది కరుస్తుంది."

"కరిచినప్పుడల్లా నన్ను తిట్టు."

తిట్టింది. మొదటి అడుగుకు "దొంగ మామయ్య" అంది. రెండో అడుగుకు "బట్టతల" అంది. మూడో అడుగుకు తిట్టు దొరక్క ఏడ్చింది. అతను ఆమెకు ఎదురుగా వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. చంకకర్రలు ముందుకు పడుతున్నాయి, ఎడమకాలు పడుతోంది, కుడికాలి వేళ్ళు మాత్రం నేలను అలా తాకి ఇలా లేచిపోతున్నాయి.

"మడమ, దొరసానీ."

"నీ మడమ పెట్టుకో!"

సగం దారిలో, మందులిచ్చే కిటికీ ఎదురుగా కూలబడింది. వరుసలో నిలబడ్డవాళ్ళంతా ఇటు తిరిగారు.

"ఏం మనిషివయ్యా, పసిపిల్లని ఎత్తుకోకూడదూ? చేతులు పడిపోయాయా?" అంది ఒక ముసలావిడ.

ఆ మాట తన నోట్లోంచే వచ్చినట్టుంది. వెనక చేతులు వాటంతట అవే లేస్తున్నాయి. గోళ్ళు మణికట్టులో దిగాయి.

"పడిపోయాయమ్మా" అన్నాడు.

దొరసాని ఆ చేతుల కోసం కాసేపు చూసింది. ఇక రావని తెలిశాక, పక్కనున్న బల్ల కాలు పట్టుకుని లేచింది. పళ్ళు బిగించి కుడికాలు కింద పెట్టింది. మడమ నేలకు ఆనింది. ఒళ్ళంతా వణికింది గానీ మడమ లేవలేదు.

గది చేరేసరికి తొట్టిలో నీళ్ళు చల్లారిపోయాయి. అతను మళ్ళీ కాచాడు. ఆ రోజంతా దొరసాని అతనితో మాట్లాడలేదు.

మర్నాటి నుంచి మాట్లాడింది. కానీ మళ్ళీ ఎప్పుడూ చేతులు చాచలేదు. మొదట దూది, తర్వాత నూలుగుడ్డ, ఆ తర్వాత గరుకు తువ్వాలు, ఒక్కొక్కదాని స్పర్శకూ పాదం అలవాటు పడింది. కొన్ని రోజులు ఏమీ ముందుకు కదల్లేదు, కొన్ని రోజులు వెనక్కే పోయింది. ముందు ఒక చంకకర్ర పోయింది, ఆ తర్వాత రెండోదీ పోయింది. అంతా కలిసి నాలుగు నెలలు పట్టింది.

దొరసాని రావడానికి అదే చివరి రోజని అతనికి ఎవరూ చెప్పలేదు. పెరట్లో చాపలు దులుపుతుండగా వాళ్ళమ్మ వచ్చి, మేడమ్‌తో రెండు మాటలు మాట్లాడి, పిల్లను తీసుకుని వెళ్ళిపోయింది.

"బస్సు పోతుందని వాళ్ళమ్మ కంటే ముందు పరుగెత్తింది బాబాయ్! మీరు చూడాల్సింది" అంది మేడమ్, ఇంకా నవ్వుతూనే.

"మంచిదే మేడమ్."

బాగైపోయినవాళ్ళు వెనక్కి తిరిగి చూడరు. చూడకూడదు కూడా. అది అతనికి తెలుసు, తెలియంది చేతులకే. బస్తాలు మోసిన చేతులు తూకం మరిచిపోవు. ఇరవై రెండు కిలోలు. అతనికి పోయింది అంతే, గ్రాము ఎక్కువా కాదు, గ్రాము తక్కువా కాదు.

చాపలు తెచ్చి పరుస్తుంటే గోడవారన ఒక మేజోడు కనిపించింది. నీళ్ళలో కాలు పెట్టేముందు విప్పి మరిచిపోయినట్టుంది. కుడికాలిది. పైనంతా ఇంకా కొత్తదే, మడమ దగ్గర మాత్రం నల్లగా మాసి, అరిగి, పల్చబడి ఉంది.