చేపలోళ్ళ కంప్యూటర్

కావలిలో కంప్యూటర్లు బాగుచేసే గిరిబాబు మా నాయనను చూసి నవ్వాడు. నవ్వి ఊరుకున్నాడా? ఆ నవ్వును ఫోనులో వీడియో తీసి ఊరందరికీ పంచాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పదిహేను రోజులు ఆ మంట ఆరలేదు. ఇప్పుడు చెబుతున్నా గొంతు దానంతటదే లేస్తోంది, ఏమనుకోకండి.

మాది బోగోలు మండలంలో సముద్రం ఒడ్డునున్న పాలెం. నేను ఇంట్లోనే కంప్యూటర్ పెట్టుకుని ఫ్లెక్సీలు డిజైన్ చేస్తాను. పుట్టినరోజు, పెళ్ళిరోజు, కొత్త పడవ దించిన రోజు, చుట్టుపక్కల నాలుగు పాలేల్లో ఎవరి మొహం బ్యానరు ఎక్కాలన్నా ముందు నా స్క్రీను మీదికి రావలసిందే. నల్లటి వాళ్ళు తెల్లగా చెయ్యమంటారు. బట్టతల వాళ్ళు జుట్టు పెట్టమంటారు. ‘రోజారమణక్కా, కాస్త హీరోలాగా చెయ్యి’ అంటారు. చేస్తాను, ఏం చేస్తాం.

మా నాయన పేరు పోలేరయ్య. పడవ ఇంజన్ల మెకానిక్కు. బడి గడప తొక్కలేదు గాని, ఒడ్డున నిలబడి దూరంగా పోతున్న పడవ చప్పుడు విని దాని జబ్బేమిటో చెప్పేస్తాడు. వేసవిలో రెండు నెలలు వేట నిషేధం కదా, పడవలన్నీ ఇసుక మీదే ఉంటాయి. నాయనకు అప్పుడే చేతినిండా పని. పాత వల పరిచి, ఇంజను ఊడదీసి, తీసిన వరుసలోనే ముక్కలన్నీ పేర్చుకుంటాడు. తుడిచి బిగించాక, బ్యాటరీకి వైర్లు తగిలే చోటల్లా వాజిలైన్ పూస్తాడు. మా ఒడ్డున ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుంది, రాగికి పచ్చటి చిలుము పడుతుంది. వాజిలైన్ పూస్తే గాలి తగలదని, లోహం శుభ్రంగా ఉంటుందని ఆయన నమ్మకం. అందుకే ఆయన స్పానర్ల సంచిలో ఎప్పుడూ ఒక వాజిలైన్ డబ్బా ఉంటుంది.

మే నెల మొదట్లో నా కంప్యూటర్ ఆగిపోయింది. బటన్ నొక్కితే ఫ్యాను రెండు చుట్లు తిరిగి ఆగుతుంది. మళ్ళీ తిరుగుతుంది, మళ్ళీ ఆగుతుంది. స్క్రీను మాత్రం నల్లగానే ఉంటుంది. రెండు పెళ్ళి ఫ్లెక్సీలు చేతిలో ఉన్నాయి. నాయనను తోడు తీసుకుని ఆటోలో కావలి బయల్దేరాను. దారి పొడుగునా ఆయన ఆ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని, గుంత వచ్చినప్పుడల్లా చేతులతో పైకెత్తి పట్టుకుంటూ కూర్చున్నాడు.

గిరిబాబు షాపులో అప్పటికే నలుగురైదుగురున్నారు. పెట్టె పక్క రేకు తీసి లోపలికి చూసి, వేలితో ఏదో తాకి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

“ఇదేందక్కా, జిడ్డు జిడ్డుగా ఉండాది?” అన్నాడు.

నాకు తెలియదు. వెనక గడప దగ్గర నిలబడిన నాయన గొంతు సవరించుకున్నాడు. “వాజిలైన్ అబ్బాయ్. ఉప్పుగాలి గదా, చిలుము పట్టకుండా కొన్న కొత్తలో నేనే పూసినా.”

గిరిబాబు వేలి జిడ్డు ప్యాంటుకు తుడుచుకున్నాడు. “దీనికేమన్నా పెదాలు పగిలినాయా పెద్దాయనా, వాజిలైన్ పూసినావు?”

షాపు గొల్లుమంది. గిరిబాబు ఫోను తీశాడు. పెట్టె లోపలా, నాయనకేసీ తిప్పి తిప్పి వీడియో తీస్తున్నాడు. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. అందరూ నవ్వుతుంటే ఆ సిగ్గు కప్పుకోవడానికి నేనూ ఏదో అన్నాను. ఏమన్నానో అప్పుడు పట్టించుకోలేదు.

“మదర్‌బోర్డు పోయిందక్కా. ఈ జిడ్డే కొంప ముంచింది. కొత్తది తీసుకోవడం మేలు,” అని తేల్చేశాడు గిరిబాబు. ఒక్క ముక్కయినా ఊడదీసి చూస్తే ఒట్టు.

మర్నాడు పొద్దున్నే ఎవరో ఆ వీడియో నాకు పంపారు. కింద పేరు పెట్టాడు మహానుభావుడు, ‘చేపలోళ్ళ కంప్యూటర్’ అని. పెదాలు పగిలిన మాట దాకా చూసి ఫోను మంచం మీదికి విసిరేశాను. ఆ తర్వాత ఎన్నిసార్లు పెట్టినా అక్కడికే ఆపేసేదాన్ని, అంతకు మించి చూసే ఓపిక లేదు.

చేపలోళ్ళట! కావలి మార్కెట్లో మా అమ్మ కామాక్షమ్మ గంప దించితే చుట్టూ మూగి, బేరమాడి, మొప్పలెత్తి చూసి మరీ కొనుక్కుపోతారు. పులుసు మర్నాటికి ఇంకా బాగుంటుందని లొట్టలు వేస్తారు. మా చేపలు తీపి, మేం చేదు. కంప్యూటర్ ముట్టుకోవడానికి వీళ్ళ దగ్గర కులం సర్టిఫికెట్ తెచ్చుకోవాలి కాబోలు. వాకిట్లో నిలబడి, వీధి వీధంతా వినేలా గిరిబాబును తిట్టాను. ఆ పూటే కాదు, రోజూ తిట్టాను. నాయన వింటూ కూర్చుని, కాసేపటికి తువ్వాలు దులిపి భుజాన వేసుకుని ఒడ్డుకు వెళ్ళిపోయేవాడు.

అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటి జరిగింది. కావలి నుంచి వచ్చిన రోజే నాయన స్పానర్ల సంచి గోడమేకుకు తగిలించాడు. మళ్ళీ దించలేదు.

పడవ ఓనరు గంగులయ్య వచ్చాడు. “మామా, నిషేధం ఇంకో నెలే ఉండాది. నా ఇంజను ఎప్పుడు ఊడదీస్తావు?”

“కళ్ళు ఆనడం లా గంగులూ. ఇంకెవర్నన్నా చూసుకో,” అన్నాడు నాయన.

కళ్ళు ఆనకపోవడమేమిటి? అలల మీద తేలే వల బెండును ఇక్కడి నుంచి చూపించే మనిషి! గంగులయ్య రెండోసారి వచ్చాడు, అదే జవాబు. మూడోసారి వచ్చినప్పుడు మొహమాటపడుతూ చెప్పాడు, సోమవారం దాకా చూస్తానని, ఆ తర్వాత బయటి మెకానిక్కును పిలవక తప్పదని. ఒక పడవ బయటి మనిషి చేతికి పోతే మిగతావీ దాని వెనకే పోతాయి. నాయనకు ఇంకో పని రాదు. పని సంగతి పక్కన పెట్టినా, ‘పోలేరయ్య చెయ్యి పడితే చాలు’ అనే ఆ మాట పోతుంది. ఆ మాట మీదే ఆయన ఇన్నేళ్ళూ బతికాడు.

“ఆ సంచి అట్ట ఏలాడతా ఉంటే నాకు అన్నం దిగడం లా,” అంది అమ్మ.

నాకైతే కోపం నషాళానికి అంటింది. ఒక వీడియో తీసి ఒక మనిషి చేతులు పడగొడతాడా? ఆ జిడ్డు వల్లే చెడిందని వాడికెవరు చెప్పారు? శుక్రవారం పొద్దున నేనే తలుపు తీసి, వెలుతుర్లో పాత వల పరిచి, కంప్యూటర్ పెట్టె దాని మీద పెట్టాను. ఫోనులో చూస్తూ ఒక్కో ముక్కా ఊడదీసి నాయన పద్ధతిలోనే వరుసగా పేర్చాను.

లోపల ర్యాము అనే సన్నటి పలకలు రెండుంటాయి, ఒక్కోటి జానెడు కూడా ఉండదు. వాటి అంచున బంగారు రంగు పళ్ళు, ఆ పళ్ళే బోర్డుకు తగులుతాయి. మొదటి పలకకు వాజిలైన్ దట్టంగా ఉంది. తిట్టుకుంటూనే మెత్తటి గుడ్డతో తుడిచాను. కింద పళ్ళు నిన్న కొన్నట్టు మెరిశాయి. రెండేళ్ళు సముద్రానికి ఎదురుగా ఉన్న కిటికీ పక్కన పెట్టిన వస్తువది! రెండో పలక ఫ్యాను కింద ఇరుక్కుని ఉంది. దాన్ని కష్టపడి లాగాను. దానికి వాజిలైన్ లేదు. పళ్ళ నిండా పచ్చటి చిలుము.

చిలుము పట్టినది పక్కన పెట్టి, నాయన వాజిలైన్ పూసినది ఒక్కటే బిగించి బటన్ నొక్కాను. ఫ్యాను తిరిగింది, ఆగలేదు. స్క్రీను వెలిగింది. సగంలో ఆగిన పెళ్ళి ఫ్లెక్సీలోంచి పెళ్ళికొడుకు నవ్వాడు. తర్వాత ఆ రెండో దాని పళ్ళను పెన్సిలు రబ్బరుతో రుద్ది, చిలుము వదిలించి బిగిస్తే అదీ పనిచేసింది. బోర్డూ పోలేదు, ఏదీ పోలేదు. జిడ్డు కొంప ముంచలేదు, ఆ జిడ్డు ఉన్నంత మేరా కొంప నిలబడింది. వాజిలైన్ అందని చోటే జబ్బు వచ్చింది.

నాయన వచ్చాక కూర్చోబెట్టి అంతా చూపించాను. ఆయన స్క్రీను వైపు చూసి, “మంచిదేలే,” అన్నాడు. అంతే. సంచి వైపు చూడనైనా లేదు.

“రేపు కావలికి పోదాం నాయనా. వాడి చేత నీకు సారీ చెప్పిస్తా. ఆ వీడియో తీసేయిస్తా.”

“నేను రాను. నువ్వూ పోబాక.”

నేను వింటానా? శనివారం ఒక్కదాన్నే పెట్టె ఆటోలో వేసుకుని వెళ్ళాను. షాపులో జనం ఉన్నారు, నాకూ అదే కావాలి. పెట్టె బల్ల మీద పెట్టి, వాడి స్క్రీనుకే తగిలించి బటన్ నొక్కాను.

“మదర్‌బోర్డు పోయిందన్నావే, ఇదేంది?” అన్నాను. నా గొంతు బయట టీ బంకు దాకా వినపడి ఉంటుంది. రేకు తీసి, ర్యాము లాగి వాడి మొహం ముందు పెట్టాను. “చూడు. మా నాయన పూసింది ఇది. రెండేళ్ళకు ఎట్టుండాదో చూడు. చెడింది ఆయన పూయనిది. నీకు తెలిసిన విద్య ఆయన వేలి చివరుండాది.”

గిరిబాబు దాన్ని అటూ ఇటూ తిప్పాడు. మనిషి ఎర్రబడ్డాడు. “నిజమేనక్కా. ఊడదీసి చూడాల్సింది. పొరపాటే,” అన్నాడు.

“ఆ వీడియో తీసెయ్. ‘చేపలోళ్ళ కంప్యూటర్’ అని పేరు పెడతావా? ఎవరనుకుని అన్నావా మాట?”

గిరిబాబు ఫోను చేతిలోకి తీసుకున్నాడు. “తీసేస్తానక్కా. కానీ ఆ మాట నాది కాదు. మీరు వీడియో మొత్తం చూసినట్టు లేరే?”

ఫోను నా వైపు తిప్పాడు. పెదాల మాట అయింది, జనం నవ్వారు. నేనెప్పుడూ అక్కడికే ఆపేసేదాన్ని. ఈసారి ఆగలేదు. ఆ నవ్వుల మీదుగా ఒక ఆడ గొంతు వినిపించింది. “మా నాయనకేం తెలుసన్నా! చదువా సంధ్యా! చేపలోళ్ళ చేతికిస్తే ఇంతే!” తర్వాత అదే గొంతు నవ్వింది. అందరి నవ్వూ ఆగాక కూడా నవ్వింది. అది నా గొంతు. స్క్రీను అంచున నాయన ఉన్నాడు, గడప పట్టుకుని, నా వీపు వైపు చూస్తూ.

గిరిబాబు తప్పు గిరిబాబుదే. చూడకుండా పోయిందన్నాడు, అడగకుండా వీడియో తీశాడు. అందుకు వాణ్ణి ఇప్పటికీ క్షమించలేదు. కానీ ఆ మాట వాడిది కాదు. పదిహేను రోజులు నేను వాకిట్లో నిలబడి తిట్టింది నన్నే. నాయన అదంతా వింటూ కూర్చున్నాడు. వాడు నా ఎదురుగానే వీడియో తీసేశాడు. పెట్టె ఆటోలో ఎక్కిస్తూ మళ్ళీ సారీ చెప్పాడు. నాకేమీ గెలిచినట్టనిపించలేదు.

నాయన ఒడ్డున గంగులయ్య పడవ నీడలో కూర్చుని ఉన్నాడు. నేను ఇసుకలో ఆయన ఎదురుగా చతికిలబడ్డాను.

“నాయనా, ఆ మాట అన్నది నేనే.”

“తెలుసులే. ఆడనే ఉన్నా గదా.”

“మరి నేను వాణ్ణి అన్ని తిట్లు తిడతా ఉంటే ఊరకుండావే?”

ఆయన ఇసుక గుప్పిట్లోకి తీసుకుని వదిలాడు. “ఆ అబ్బాయి నవ్వినదానికి నాకేం లేదమ్మాయ్. వాడు నన్ను ఎరగడు గదా.”

నేను ఏడ్చాను. తప్పయిపోయింది నాయనా అన్నాను. నువ్వు నన్ను ఎరిగినదానివి గదా అని ఆయన అనలేదు, అనవలసిన పనీ లేదు. ‘పోనీలే’ అనీ అనలేదు. పంచెకంటిన ఇసుక దులుపుకుని, లేచి ఇంటికి నడిచాడు. నేను వెనకే నడిచాను.

ఆటో దించిన పెట్టె వరండాలో ఉంది. ఆయన దాని ముందు గొంతుక్కూర్చుని రేకు పక్కకు జరిపాడు. ఫ్యాను కింద ఉన్న పలకను వేలితో చూపించాడు.

“దీనికి ఇంకా ఏం పూయలా?”

“లేదు నాయనా. అప్పుడు నువ్వు దీన్నెందుకు వదిలేసినావు?”

“నా ఏళ్ళు దూరలా ఆడికి. బలవంతం చేస్తే ఏడ ఇరుగుద్దోనని వదిలేసినా. నీ వస్తువు గదా.”

లేచి లోపలికి వెళ్ళాడు. వచ్చేటప్పుడు స్పానర్ల సంచి చేతిలో ఉంది. అందులోంచి వాజిలైన్ డబ్బా తీసి, మూత తిప్పి, నా ముందు పెట్టాడు.

“నీ ఏళ్ళు సన్నం. నువ్వు పూయి.”

పలక బయటికి తీసి పూశాను. ఆయన పక్కనే వంగి, ఒక్కో పన్నూ చూస్తూ, “పలచగా, అంచుకంటా పూయి,” అన్నాడు. పూయడం అయ్యాక డబ్బా తిరిగి ఇవ్వబోయాను. తీసుకోలేదు.

“నీ దగ్గరే ఉంచుకో. ఏడాదికోసారి పూయాల.”

సంచి భుజాన వేసుకుని మెట్లు దిగాడు. “కామాక్షీ, అన్నం కాస్త ఆలస్యంగా పెట్టు, గంగులు ఇంజను చూసి వస్తా,” అని అమ్మకు కేకేసి ఒడ్డు వైపు వెళ్ళాడు.