ఇంగ్లీషులో దిగులు

మా అత్తగారు జీవితమంతా కాలేజీలో ఫ్రెంచి పాఠాలు చెప్పి రిటైరయ్యారు. రిటైరయింది కాలేజీ నుంచే, పాఠాలు చెప్పడం నుంచి కాదు. మా ఆయన ఆవిడ చాటున "ఫ్రెంచి సర్కారు" అంటుంటాడు. కన్నకొడుకు కాబట్టి అనగలడు. నేను కోడల్ని, పైగా ఆవిడతో కలిసి పనిచేసేదాన్ని. నోరు మూసుకుని టైపు చేస్తాను.

పనేమిటంటే, ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి అనువాదం. నా ఇంగ్లీషు బాగుంటుంది, ఫ్రెంచి అంతంతమాత్రం. ఆవిడ ఫ్రెంచికి తిరుగులేదు, ఇంగ్లీషంటే మాత్రం మొదట్నుంచీ చిన్నచూపు. అందుకని ఇద్దరం కలిసి ఒక మనిషి పని చేస్తాం. ఇన్నాళ్ళూ వాషింగ్ మెషీన్లతోపాటు వచ్చే పుస్తకాలూ, దగ్గుమందు పెట్టెల్లో మడిచిపెట్టే కాగితాలూ అనువదించి నా నడుము పడిపోయింది. వాటిమీద అనువదించినవాళ్ళ పేరుండదు. మొట్టమొదటిసారి ఒక నవల వచ్చింది. ముందు ఒక అధ్యాయం చేసి పంపాలి. నచ్చితే పుస్తకమంతా మాదే, అట్టమీద మా పేర్లతో సహా. శుక్రవారం సాయంత్రం ఐదింటికల్లా అందకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తామని ఎడిటరమ్మ మొహమాటం లేకుండా చెప్పేసింది.

అట్టమీద నా పేరు చూసుకోవాలని నాకెంత ఆశగా ఉందో పైకి చెప్పుకోవాలంటే సిగ్గు. కానీ ఉంది.

మా అత్తగారి పద్ధతి వేరు. డిక్షనరీ ముట్టుకోనివ్వరు. భోజనాల బల్ల దగ్గర ఎదురుగా కూచుని ఫ్రెంచి వాక్యం పైకి చదువుతారు. దాన్ని ముందు తెలుగులో చెప్పాలి, అదీ మనింట్లో మనిషి అన్నట్టుగా చెప్పాలి. ఆవిడ "ఊఁ" అన్నాకే నేను దాన్ని ఇంగ్లీషు చెయ్యాలి. ఆ "ఊఁ" వచ్చేలోపు పొయ్యిమీద కూర మాడిపోయిన రోజులున్నాయి.

"ఫ్రెంచివాడికీ ఇంగ్లీషువాడికీ ఎప్పుడూ పడదమ్మాయ్. మధ్యలో మనలాంటి పెద్దమనుషులు ఉండాల్సిందే" అంటారు.

మొదట్లో సరదాగానే సాగింది. ఫ్రెంచిలో "వాడు దానికి కుందేల్ని పెట్టాడు" అని ఉంటే, వస్తానని చెప్పి చెయ్యిచ్చాడని. "ఆపిల్ పళ్ళలో పడింది" అంటే కళ్ళు తిరిగి పడిపోయిందని. "మధ్యాహ్నం పన్నెండుని రెండింటికి వెతుకుతున్నాడు" అంటే, ఇట్టే అయిపోయే పనికి లేనిపోని మెలికలు పెడుతున్నాడని. ఈ మాట దగ్గర నేను తలెత్తి ఆవిడ మొహంలోకి చూశాను. ఆవిడ తాపీగా కళ్ళజోడు తుడుచుకుంటున్నారు.

అధ్యాయం చివర ఇరుక్కుపోయాం. కథలో ఒక ముసలావిడకి భర్త పోయాడు. కిటికీ దగ్గర కూచుని ఉంటే పక్కింటామె వచ్చి, ఎలా ఉన్నావని అడుగుతుంది. ముసలావిడ ఒక్కటే ముక్క చెబుతుంది. మాటకు మాట పెట్టుకుంటే, "నాకు బొద్దింక ఉంది" అని.

"బొద్దింకేమిటి అత్తయ్యా?"

"వాళ్ళకి అలా వస్తుంది. మనకి దిగులు" అన్నారు. ఈసారి ఊఁ కూడా ఆవిడే అనేసుకున్నారు. "రాయి."

"ఐ యామ్ సాడ్."

"అది ఏడుపు. ఆవిడేం ఏడవట్లేదు."

"డిప్రెస్డ్."

"అది డాక్టరు చీటీమీద రాసే మాట."

"ఫీలింగ్ బ్లూ."

"నీలంగా ఎందుకవుతుందే, ఊపిరాడకా?"

"హోమ్‌సిక్."

"ఇంట్లోనే ఉందిగా మహాతల్లి!"

ఇది మంగళవారం సంగతి. బుధవారం, గురువారం కూడా ఇదే భాగోతం. మిగిలిన అధ్యాయమంతా అద్దంలా తయారై కూచుంది. ఈ ఒక్క వాక్యం దగ్గర ఖాళీ. బల్లంతా మా కాగితాలే కాబట్టి మా ఆయన నిలబడే భోంచేస్తున్నాడు. "బొద్దింకలకి మందు దొరుకుతుంది, వచ్చేటప్పుడు తేనా?" అన్నాడు. అత్తాకోడళ్ళం ఒక్కసారే కసిరేసరికి కంచం పట్టుకుని వరండాలోకి పోయాడు.

శుక్రవారం మధ్యాహ్నం దాటినా ఆ ఖాళీ ఖాళీగానే ఉంది. మా అత్తగారు చెయ్యి గడ్డం కింద పెట్టుకుని, "అంతమంది ఇంగ్లీషువాళ్ళున్నారు కదా, ఒక్కళ్ళకీ దిగులెయ్యదా?" అన్నారు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"వాళ్ళకి వేస్తే ఎంత, వెయ్యకపోతే ఎంత? ఐదింటికి పంపకపోతే పుస్తకం పోతుంది. మీకేం, ఇప్పటికీ మీ శిష్యులు రోడ్డుమీద కనబడితే ఆగి దణ్ణాలు పెడతారు. నాకేముంది అత్తయ్యా? దగ్గుమందు కాగితం! దానిమీద నా పేరు కూడా ఉండదు!"

అక్కడితో ఆగలేదు. "సరే, మాట వద్దు. అసలా దిగులు ఎలా ఉంటుందో చెప్పండి. ఉన్నదున్నట్టు చెప్పండి, నేను ఇంగ్లీషు చేస్తాను" అన్నాను. పంతానికి అన్నాను గాని, చెబుతారని అనుకోలేదు.

"ఎలా ఉంటుందంటే..." అన్నారు. కాసేపు బల్ల వంక చూశారు. "ఎలాగూ ఉండదే. పొద్దున్నే లేస్తాం. పేపర్లో ఏదో వింత కనబడుతుంది. 'ఇది చూశారా' అని నోరు తెరుస్తాం. తెరిచాక గుర్తొస్తుంది. ఏడుపొస్తే బాగుండును, రాదు. నోరు మూసుకుని మళ్ళీ అదే వార్త మొదట్నుంచీ చదువుతాం. సాయంత్రం మెట్లమీద ఎవరి చెప్పుల చప్పుడైనా చెవి అటు పోతుంది. ఆయన కాదని మనకి తెలుసు. చెవికి తెలీదు."

మా మామగారు పోయాక ఆవిడ ఆయన మాటెత్తడం నేను వినడం అదే మొదలు. తలెత్తే ధైర్యం లేక, ఆవిడ చెబుతున్నకొద్దీ ఇంగ్లీషులో కొట్టుకుంటూ పోయాను. అంత మంచి ఇంగ్లీషు నేనెప్పుడూ రాయలేదు. చదివి వినిపించాను.

"బాగుంది" అన్నారు మా అత్తగారు. ఆ మాట కోసం నేను పెళ్ళైన దగ్గర్నుంచీ ఎదురుచూస్తున్నాను. వెంటనే, "తీసెయ్" అన్నారు.

"ఏంటీ?"

"తీసెయ్యమ్మాయ్. అది ఆవిడది కాదు, నాది. ఆవిడ పక్కింటామెకి చెప్పింది ఒక్క ముక్క. మిగతాది కడుపులో దాచుకుంది. అదంతా నువ్వు బయట పెట్టేస్తే ఇంక ఆవిడకేం మిగులుతుంది?"

"మరేం పెట్టమంటారు?" నేను ఏడవడం ఒక్కటే తక్కువ.

"మనసేం బాలేదు, అని పెట్టు. పక్కింటివాళ్ళకి అంతకంటే ఏం చెబుతాం?"

ఇంత రభస చేసి, ఇన్ని రోజులు తినేసి, చివరికి తేలింది అదీ. గోడకి తల బాదుకోవాలనిపించింది. నేను రాసిందంతా చెరిపేసి, "ఐ యామ్ నాట్ టూ గుడ్" అని పళ్ళు కొరుక్కుంటూ కొట్టి, గడువులోపే పంపేశాను. ఆ సాయంత్రం ఆవిడతో మాట్లాడలేదు.

సోమవారం ఎడిటరమ్మ ఫోన్ చేసింది. ఇద్దరం వినాలని స్పీకర్ పెట్టాను. అధ్యాయం తమకందరికీ నచ్చిందంది. పుస్తకం మాకే ఇద్దామని అనుకుంటున్నామంది.

"ఒక్కటే చిక్కండీ. చివర ఆ ముసలావిడ జవాబు ఉంది చూశారా, అది మరీ చప్పగా ఉంది. భర్త పోయిన మనిషి కదా. కాస్త బరువైన మాట ఏదైనా వేసి పంపండి, ఒప్పందం పంపించేస్తాను."

బరువైన మాటలు నా దగ్గర ఉన్నాయి. చెరిపేశానన్న మాటే గాని, ఒక్కటీ మర్చిపోలేదు. అప్పటికప్పుడు ఫోన్లో అప్పజెప్పగలను. అట్టమీద నా పేరుకీ నాకూ మధ్య ఉన్నది అంతే.

మా అత్తగారు ఎదురుగానే పేపరు పట్టుకుని కూచున్నారు. నాకు అడ్డుపడలేదు, కసరలేదు. నా వంక చూడను కూడా లేదు. పేపరు పట్టుకున్న వేళ్ళు మాత్రం బిగుసుకున్నాయి.

"చప్పగానే ఉంటుందండీ" అన్నాను. "నేను మార్చను."

పుస్తకం పోయినట్టేననుకున్నాను.

"మా అమ్మకి రోజూ ఫోన్ చేస్తానండీ" అంది చివరికి ఎడిటరమ్మ. "ఎలా ఉన్నావంటే రోజూ అంతే చెబుతుంది. ఉండనివ్వండి."