నిద్రపోయే ఆత్మ

కళ్ళు కత్తిరించడం ఆమె పని. ఎవరెవరివో ఫొటోలు కంప్యూటర్‌లోకి ఎక్కించి, నుదురూ ముక్కూ తీసేసి, కనుబొమల నుంచి కింది రెప్పల దాకా సన్నటి ముక్క మిగల్చాలి. శనివారం ఆఫీసు నుంచి వచ్చి, వంట చేసి, అంట్లు తోమి, నడుం వాల్చకుండా ఆ పనికి కూర్చుంటుంది. ఆదివారం భర్త నడిపే క్లాసులో ఆ కళ్ళన్నీ తెర మీద పడతాయి. చూపునూ కనుబొమల తీరునూ బట్టి మనిషి ఆత్మ ఏ రకమో చెప్పడం ఆయన విద్య. మేలుకున్న ఆత్మ, వెతికే ఆత్మ, నిద్రపోయే ఆత్మ, మూడే రకాలట. శిష్యులకు ఆయన గురువుగారు. అత్తగారైతే ఇంటికొచ్చిన వాళ్ళందరికీ, "మావాడు ఒక్క చూపుతో ఎక్స్‌రే తీసేస్తాడు" అని చెప్పుకుని మురిసిపోతుంది. ఆ ఎక్స్‌రే కోడలి వైపు మాత్రం ఎన్నడూ తిరగలేదు. ఒళ్ళు కాలిపోతూ జ్వరం వచ్చిన రోజున కూడా "టీలో చక్కెర తగ్గిందే" అన్నాడాయన, తలెత్తకుండానే. ఎప్పుడైనా ఆమె విసుక్కుంటే, "నువ్వు చేసేదేముంది, మీట నొక్కడమేగా" అంటాడు.

ఆ వారం ఫొటో ఒకటి తక్కువైంది. ఆయన్ను అడిగితే, "ఎవరిదో ఒకరిది పెట్టు, నా ప్రాణం తియ్యకు" అన్నాడు. సరేనని, ఆఫీసు కార్డు కోసం తీయించుకున్న తన ఫొటోనే కత్తిరించి పెట్టేసింది. నిజం చెప్పాలంటే లోలోపల కాస్త సరదా పడింది కూడా. చూడగానే గుర్తుపడతాడు, నలుగురి ముందూ ఒక మంచి మాట అంటాడు అనుకుంది. ఇన్నేళ్ళు కాపురం చేశాక కూడా ఆశ చావలేదు, ఏం చేస్తాం!

అద్దె హాల్లో, వెనక బల్ల దగ్గర కూర్చుని మీట నొక్కింది. తెర నిండా తన కళ్ళు.

"ఇదిగో, నిద్రపోయే ఆత్మ అంటే ఇదీ!" ఆయన గొంతు ఖంగుమంది. "బాగా చూడండి. చూపుంది, వెనకాల మనిషి లేదు. ఇలాంటివాళ్ళకి పని చెప్పొచ్చు. సలహా మాత్రం అడక్కండి."

"ఇలాంటి మనిషి ఇంట్లో ఉంటే ఎలాగండీ?" అన్నాడు ముందు వరుసలో ఉన్న బట్టల కొట్టాయన.

"అదృష్టమనుకోండి. ఎదురు చెప్పరు."

హాలంతా గొల్లున నవ్వింది. ఆమె మీట మీద నుంచి చెయ్యి తీసేసింది. చిన్నబుచ్చినందుకు కాదు, అది ఆమెకు కొత్తేం కాదు. గుర్తుపట్టలేదు! రోజూ ఎదురుగా కూర్చుని అన్నం పెట్టించుకునే మనిషి, ఒకే మంచం మీద పక్కన పడుకునే మనిషి, గోడంత పెద్దగా వేసి చూపించినా ఇవి ఎవరి కళ్ళో గుర్తుపట్టలేదు. మరి ఇన్నాళ్ళూ ఎవరితో కాపురం చేసినట్టు?

పక్క వరుసలో కళ్ళద్దాల టీచరమ్మ ఉంది. ప్రతివారం వచ్చీ రాగానే ఆమెను పలకరించేది ఆవిడొక్కతే. తెర వంకా, ఆమె వంకా చూసి లేచి నిలబడింది.

"గురువుగారూ, అవి మన మేడమ్ కళ్ళు కదండీ? కనుబొమ మీద ఆ మచ్చ చూడండి."

ఆయన ఒక్క క్షణం తడబడ్డాడు. వెంటనే పకపకా నవ్వేశాడు.

"భేష్! మీరెవరైనా పట్టుకుంటారా లేదా అని పరీక్ష పెట్టాను. నా భార్య కళ్ళు నాకు తెలీవా?"

చప్పట్లు మోగిపోయాయి. ఆమె నిర్ఘాంతపోయింది. తెలియక అన్నాడని ఇప్పటిదాకా కుమిలిపోతోంది. తెలిసే అన్నానని, అదేదో ఘనకార్యమైనట్టు, ఆయనే చెప్పుకుంటున్నాడు! భార్య పరువు పోయినా ఫరవాలేదు, విద్య పరువు నిలబడితే చాలు. ఇంతకన్నా మొదటి దెబ్బే నయమనిపించింది.

టీచరమ్మ చప్పట్లు కొట్టలేదు. "నిజమేనా మేడమ్? సార్‌కి ముందే తెలుసా?" అని అడిగింది.

తలలన్నీ వెనక్కి తిరిగాయి. "అవునండీ" అనడానికి అలవాటు కొద్దీ నోరు తెరుచుకుంది. అప్పుడు చూశాడు ఆయన. తెర వైపు కాదు, ఆమె వైపు. ఏం చెబుతుందోనని ఆమె కళ్ళలోకి ఆత్రంగా, భయంగా వెతుక్కుంటూ చూశాడు. ఏమీ అంతుపట్టలేదు పాపం.

"ఆయనకి తెలీదండీ" అందామె.